భేజ్జి సంతలో గుంజులాట

మేనబావ మాసా ఈ సంతలోనే తనను ఎత్తుకుపోతాడని పొజ్జేకి ముందే తెలుసు. వాడే ఊరంతా చెప్పుకు తిరిగాడు, అంత తెలివైనవాడు. ఎత్తుకుపోయి ఇంట్లో పెట్టుకుంటే పెళ్లయినట్టే. పిల్ల ఏడ్చినా కరిచినా ఆచారం ఆచారమేనట. పోయిన ఏడాది ఇలాగే తీసుకుపోయిన తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు సంతకు కూడా రాదు. ఇంకో ఇరవై రోజుల్లో పొజ్జేకి పదో తరగతి పరీక్షలంటే ఎవడికి పట్టింది?

బుధ్రికి పట్టింది. హాస్టల్లో పొజ్జే పక్క మంచం ఆమెది. ఆమెకూ భయంగానే ఉంది, నవ్వు మాత్రం ఆగడం లేదు.

"ఎత్తుకపోతుంటే పిల్ల సోపతోళ్లు అడ్డం పడాలె. అది గూడ ఆచారమే గదనే. కొంచెంసేపు గుంజి వదలాలె అంటరు. ఎంతసేపని ఎవరన్న చెప్పిన్రా?" అంది.

ఎవరూ చెప్పలేదు. హాస్టల్ కబడ్డీ జట్టు ఏడుగురూ సైకిళ్లేసుకుని సంతకు దిగారు.

మాసా కొత్త చొక్కా తొడుక్కుని, ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. చింతపండు గంపల మధ్య తల్లికి సాయంగా కూర్చున్న పొజ్జే చెయ్యి పట్టి లాగాడో లేదో, బుధ్రి వాడి కాలు దొరకబుచ్చుకుంది. మిగతావాళ్లు మీద పడ్డారు. అబ్బబ్బ, ఆ దుమ్ము, ఆ కేకలు, ఆ నవ్వులు! చొక్కా చిరిగింది. స్నేహితుల్లో ఒకడు కోళ్ల బుట్ట మీద కూలబడ్డాడు, రెండోవాడు తన వంతు రాకముందే ఉడాయించాడు. బుధ్రికి పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషం కలగలేదు.

"ఇగ చాలు, వదలున్రి. గుంజులాట అయిపాయె," అన్నాడు మాసా తండ్రి కోస, కర్ర నేలకు కొడుతూ.

నవ్వు ఆగిపోయింది. ఇద్దరమ్మాయిల పట్టు సడలింది. పెద్దల మాట కాదనడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు మరి. మాసా సగం లేచి మళ్లీ పొజ్జే మణికట్టు అందుకున్నాడు. బుధ్రికి ఏడుపొచ్చింది.

అప్పుడు పొజ్జే తల్లి చింతపండు గంప వదిలి లేచింది. ఆమె కోసకు సొంత చెల్లెలు. నింపాదిగా చీర ఎగదోపుకుని వచ్చి, మేనల్లుడి రెండో కాలు పట్టుకుంది.

"నీకేందే ఇక్కడ? పక్కకు జరుగు," అన్నాడు కోస.

"నన్ను తీస్కపోయింది గూడ ఈ సంతలనే, అన్నా. నా సోపతోళ్లు గిట్లనే నవ్వుకుంట గుంజిన్రు. నువ్వు చాలన్నవు, వదిలేసిన్రు."

ఆమె బుధ్రి వైపు తిరిగింది.

"గట్టిగ పట్టు, బిడ్డా."