బియ్యం కొలిచిన నీడ

ఆఫీసు పని ముగియగానే ఆండాలు నీడ ఇంటిదారి పట్టేది. ఆండాలు మాత్రం కంప్యూటర్ క్లాసుకని మేడెక్కేది. పొద్దంతా మిషన్ మీద లెక్కల కార్డులకు రంధ్రాలు కొట్టీ కొట్టీ వేళ్లు మొద్దుబారి, నీడను ఆపే ఓపిక కూడా ఉండేది కాదు. అది ఒక్కతే పురానాపూల్ వంతెన మీదుగా పోతుంటే సైకిళ్ల వాళ్లు పక్కకు జరిగి దారిచ్చేవారు. ఇంట్లో అత్త కాశమ్మ దానికి చాప పరిచేది.

కార్డుల మిషన్లు ఆ ఏడాదితో ఆఖరు. ప్రోగ్రాం రాయడం నేర్చి పరీక్ష పాసైతే ఇక్కడే ఉద్యోగం, లేకుంటే ఆదిలాబాద్ గోదాముకు బదిలీ. ఆండాలు భర్త పోయాక ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లే. కాశమ్మకు చూపు ఆనదు. ఈ గల్లీ గోడలైతే చేతికి తెలుసు. కొత్త ఊళ్లో ఏ గోడ పట్టుకుని నడుస్తుంది?

ప్రహ్లాద్ సారు బోర్డు మీద మళ్లీ అదే రాశాడు: ఎన్ ఈక్వల్ టు ఎన్ ప్లస్ వన్.

"ఒకటి కలిపినంక మళ్ల ఎన్ ఎట్లయితది సార్? లెక్క తప్పు గదా?"

"ఇది లెక్క కాదమ్మా, మిషన్‌కు చెప్పే ఆర్డర్." చెప్పీ చెప్పీ ఆయన గొంతూ అరిగిపోయింది. "రేపే పరీక్ష. మీ నీడ ఎప్పుడో పోయింది, మీరు గూడ పోయి పండుకోండి."

ఇల్లు చేరేసరికి చాప ఖాళీగా ఉంది. నీడ బియ్యం డబ్బా ముందు గొంతుకూర్చుని ఉంది.

"ఎందుకో లేచి కూసున్నది బిడ్డా," అంది కాశమ్మ. "బియ్యం కొలుస్తున్న సప్పుడైతున్నది."

నీడ డబ్బాలో ఉన్నదంతా చాటలో పోసింది. పక్క సంచిలోంచి దానికో సోలెడు కలిపి, మళ్లీ అదే డబ్బాలోకి ఎత్తింది. మళ్లీ పోసింది, కలిపింది, ఎత్తింది. ఆండాలు భుజాన సంచీతోనే కూలబడి చూసింది.

"డబ్బా గదే ఉన్నది," అంది మెల్లగా. "బియ్యమే పెరుగుతున్నయి. ఎన్ అంటే డబ్బా అత్తా!"

"డబ్బా అంటే డబ్బానే. లే, అన్నం సల్లారుతున్నది."

తెల్లారి నీడ చాప మీంచి లేవలేదు. భుజం తట్టినా కదల్లేదు.

"పండుకోనియ్యి," అంది కాశమ్మ. "నువ్వు పో."

ఎండలో ఆండాలు ఒక్కతే పోయి పరీక్ష రాసింది. మిషన్ నుంచి వచ్చిన కాగితాన్ని ప్రహ్లాద్ సారు పైనుంచి కిందికి చూసి, "జవాబు కరెక్టుగ వచ్చిందమ్మా. బదిలీ లేదు ఇంక," అన్నాడు. ఆండాలుకు నవ్వే ఓపిక లేదు. వరండా బల్ల మీద కూర్చుని, కూర్చున్నట్టే నిద్రపోయింది.

తర్వాత నీడ ఆఫీసుకు రానేలేదు. నలువైపులా ట్యూబులైట్లు వెలిగే కంప్యూటర్ గదిలో దాన్ని అడిగినవాళ్లూ లేరు. ఒక సాయంత్రం బస్సు దిగిన ఆండాలుకు స్టాపులో కాశమ్మ కనిపించింది. ఏళ్లుగా గల్లీ దాటని మనిషి. నీడ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"మస్తు అలిసినవా బిడ్డా?"

"మస్తు అత్తా."

కాశమ్మ రెండో చెయ్యి చాచి కోడలి సంచీ అందుకుంది.