ఉప్పుగాలి తగలని ఇంజిన్

ఆ ఉదయం గిలకలదిండి హార్బర్ వెనక మా షెడ్డులో నాకు ఏడుపొక్కటే తక్కువ. పదకొండింటికి గుడివాడ దగ్గర రియల్ ఎస్టేట్ వెంచర్‌లో వేసిన ఖాళీ రోడ్ల మీద కార్ల పోటీ. నా టర్బో కారేమో నిలబడ్డచోట బుద్ధిగా గురగురలాడుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం నల్లటి పొగ కక్కి చతికిలబడుతుంది! వారం కిందటిదాకా శుభ్రంగా పరుగెత్తిన బండి ఇది.

స్కానర్ పెట్టాను. తప్పేమీ చూపించలేదు. ప్లగ్గులు మార్చాను, పెట్రోలు ప్రెషర్ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. మా నాన్న భూషణం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన చేపల బోటు డ్రైవరు. నా కార్ల పిచ్చి ఆయనకి గిట్టదు. "ఈ పోటీలో కూడా మొరాయిస్తే బండి అమ్మేస్తాను" అని ఆమధ్య నేనే ఆయనకి మాటిచ్చాను. నా నోరు ఊరుకోదు కదా!

కనీసం చక్రాలైనా ఎక్కిద్దామనుకున్నాను. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన వెడల్పాటి అలాయ్ వీల్స్ నిన్ననే వచ్చాయి. జాకీ ఎత్తి ముందు ఎడమ చక్రం ఊడదీశాను. కొత్త టైరు రాసుకుంటుందేమోనని లోపలి ప్లాస్టిక్ తొడుగు కూడా తీశాను. చూద్దును కదా, ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టంలోంచి నీలిగళ్ల గుడ్డ కొస వేలాడుతోంది! లాగితే మూరెడు వచ్చింది. మా నాన్న పాత లుంగీ!

నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్నా! ఇది నువ్వే కుక్కావా? కారు అమ్మించడానికేగా?"

"ఛీ, అవేం మాటలే? కొత్త చక్రాలొచ్చేదాకా వారం రోజులు కదలకుండా ఉంటది, ఉప్పుగాలికి లోపల తుప్పు పడుద్దని పెట్టాను. వేట ఆపినప్పుడు మన బోటుకి పెట్టమా? నిన్న తీద్దామని చూస్తే పైన కనపడలా. నువ్వే తీసేశావనుకున్నా."

వేట నిషేధం రోజుల్లో బోట్ల గొట్టాలకి గుడ్డలు కుక్కడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. తను నడిపే బోటుకి చేసినట్టే నా కారుకీ చేశాడు. మధ్యలో నేను స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ ఆ గుడ్డని కిందికి పీల్చేసుకుందన్నమాట. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"సారీ నాన్నా."

"సారీ సంగతి సరే, టైము చూశావా? ఆ చక్రం ఇటివ్వు!"

ఆయన చక్రాలు అందించాడు, నేను నట్లు ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాను. హెల్మెట్ వెనక సీట్లో పడేసి, "ట్రయల్‌కి వస్తావా?" అన్నాను. వేటకి ఇంకా టైముందంటూ మొదటిసారి నా కారెక్కాడు.

బందరు దాటాక, ఖాళీ రోడ్డు చూసి తొక్కాను. అబ్బ! బండి రయ్యిమని దూకింది. ఇద్దరం సీట్లకి అతుక్కుపోయాం. "ఓరి నాయనో!" అని నాన్న ఒకటే కేక. నేనూ అరిచాను, ఆనందం పట్టలేక.

ఆయన ఫోన్ మోగింది. బోటు యజమాని నాంచారయ్య గారు. "భూషణం, అందరూ ఎక్కేశారు. ఎక్కడున్నావయ్యా?"

నాన్నని హార్బర్ దగ్గర దింపి రావాలి కదా. బండి స్లో చేసి, వెనక్కి తిప్పడానికి ఇండికేటర్ వేశాను.

నాన్న స్టీరింగ్ మీద చెయ్యేసి ఆపాడు.

"ఇవాళ్టికి బోటు మీ తమ్ముడితో పంపించండి నాంచారయ్య గారూ. మా అమ్మాయికి రేసుందండీ," అని ఫోన్ పెట్టేసి నా వంక చూశాడు.

"గుడివాడ ఇటే కదటే? తొక్కు మరి!"