సదుద్దేశం

"బతికిపోయావు పో!" అన్నాడు భర్త, చెప్పులు విప్పుతూనే.

వంటింట్లో పీట మీద కూర్చుని బీన్సు ఈనెలు తీస్తున్న ఆమె తలెత్తింది. అతను ఆరోగ్యశాఖ అధికారిని కలిసి వస్తున్నాడు.

"వరదలకి అత్యవసర పరిస్థితి ప్రకటించారు కదా, అది ఎత్తేసేదాకా, పేరు రాయించుకుని జీతం లేకుండా వైద్యసేవ చేసినవాళ్లకి చట్టం అండగా ఉందట. సదుద్దేశంతో చేసిన పనిలో పొరపాటు జరిగినా కేసు వెయ్యడానికి వీల్లేదు. రోగిని గాలికొదిలేసి పోతే మాత్రం ఆ రక్షణ ఉండదు. నువ్వు వదల్లేదుగా! ఆ దర్జీ ఆవిడే చెయ్యి కదిపిందని నువ్వు అప్పుడే చెప్పావట. రేపు విచారణలో ఆ మాటే ఇంకోసారి చెప్పి వచ్చెయ్."

గదిలోంచి అత్తగారు అందుకుంది. "ఊరికే చేసే పనికి ఇన్ని తంటాలా? ఇంట్లో చేతినిండా పని ఉంటే కదా!"

ఆమె మళ్లీ బీన్సు వైపు తల వంచుకుంది. ఈ ఇంట్లో గ్లాసు పగిలితే ఎవరి తప్పో తేలేదాకా ఎవరికీ ముద్ద దిగదు. తేలడమంటే ఏముంది, ఆమెదేనని తేలడమే. ఉప్పు ఎక్కువైతే ఆమెది, పాలు విరిగితే ఆమెది, ఆయనకి బస్సు తప్పిపోతే పొద్దున ఇస్త్రీ ఆలస్యం చేసిన ఆమెది. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క తప్పుకి కూడా "పోన్లే" అన్నవాళ్లు లేరు. ఇప్పుడు సాక్షాత్తూ ప్రభుత్వమే "పోన్లే" అంటోంది. అదీ దేనికి? ఒక మనిషి కుడిచెయ్యి పాడుచేసినందుకు.

పెళ్లికి ముందు ఆమె నర్సు. పెళ్లయ్యాక, "ఎవరెవరివో ఒళ్లు తుడిచి వచ్చిన చేతులతో అన్నం వడ్డిస్తావా?" అని అత్తగారు అన్న రోజున మానేసింది. ఊరు మునిగి, బడిలో వైద్య శిబిరం పెట్టి, పాత నర్సులు ఎవరైనా సాయానికి రమ్మని మైకులో చెబుతుంటే ఆగలేకపోయింది. పొద్దున్నే వంట చేసి, సాయంత్రానికల్లా వచ్చేస్తానని ఒప్పుకుంటే భర్త సరేనన్నాడు. మొదటిరోజు ఎవరో "నర్సమ్మా" అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అనుకుని. పిలిచింది తననేనని తెలిశాక కళ్లు చెమర్చాయి. నిద్రలేదు, జీతంలేదు, నడుము పడిపోతోంది, అయినా ఇంటికి వెళ్లబుద్ధయ్యేది కాదు.

దర్జీ ఆవిడని విరేచనాలతో, బీపీ పడిపోయి, మోసుకొచ్చారు. డాక్టరు సెలైన్‌లో గట్టి మందు కలిపించి చెప్పాడు. "నరం తప్పి బయటికి కారిందంటే కండ కాలిపోతుంది. పక్కనే ఉండండి."

ఉంది. ఫోను మోగేదాకా ఉంది.

"అమ్మ మోకాళ్ల మాత్రలు ఎక్కడ పెట్టావు? పై అరలో లేవు," అన్నాడు భర్త. గదిలో రోగుల మూలుగులకి వినపడక వరండాలోకి నడిచింది. చెప్పింది. దొరకలేదన్నాడు. మళ్లీ చెప్పింది. తర్వాత అత్తగారు ఫోను తీసుకుని, ఇల్లు గాలికొదిలేసి పరాయివాళ్లకి ఊడిగం చేసే కోడళ్ల గురించి మొదలుపెట్టింది. పెట్టెయ్యచ్చు. కానీ ఫోను పెట్టేస్తే రేపటి నుంచి రానివ్వరు. "నర్సమ్మా" అనే ఆ పిలుపు మళ్లీ వినపడదు. అందుకని "అలాగే అత్తయ్యా, అలాగే" అంటూ ఆవిడ అలిసిపోయేదాకా నిలబడింది.

తిరిగి వచ్చేసరికి మగతలో ఉన్న మనిషి చెయ్యి మోచేతిదాకా బూరెలా ఉబ్బి, పాలిపోయి ఉంది. "ఏమైంది?" అంటూ డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆమె నోట్లోంచి ఠక్కున వచ్చేసింది. "చెయ్యి కదిపినట్టుందండీ."

ఎక్కడ నేర్చుకుందా మాట? ఎప్పుడూ బోనులో నిలబడే మనిషికి, ఒక్కసారి ఇంకెవరినైనా అక్కడికి తోసే వీలు దొరికితే ఇంత సులువుగా తోసేస్తుందా? ఆ రోజు నుంచీ అదే ఆలోచన. గిన్నెలు తోముతున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ ఉబ్బిన చెయ్యే కళ్లముందు.

బీన్సు పొయ్యి మీద పడేసి, ఉడికాక దించి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"సబ్బులైపోయాయి," అంది.

దర్జీ ఆవిడ ఇంటి అరుగు మీద కుట్టుమిషను దుప్పటి కప్పి ఉంది. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, ఎడమచేత్తో గుండీలు ఏరుతోంది. కుడిచేతికి కట్టు. బయటికి కనిపిస్తున్న వేళ్లు మూడూ కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి.

"నర్సమ్మా! మీరా? కూర్చోండి," అంటూ పక్కకి జరిగింది. "ఆ రోజు మీరు లేకపోతే పోయేదాన్ని. నాదే తెలివితక్కువతనం, చెయ్యి కుదురుగా పెట్టుకోలేకపోయాను. కదిపిన గుర్తు కూడా లేదు నాకు. మా ఇంట్లో రోజూ అదే తిట్టు, కాసేపు కదలకుండా పడుకోలేకపోయావా, నీ చెయ్యి నువ్వే పోగొట్టుకున్నావు, మా నోటికాడ కూడు తీశావు అని."

నర్సమ్మ కూర్చోలేదు. మాత్రల సంగతీ, వరండా సంగతీ, "అలాగే అత్తయ్యా" అన్న సంగతీ, డాక్టరుకి చెప్పిన అబద్ధమూ, ఏదీ దాచకుండా చెప్పింది.

దర్జీ ఆవిడ తన వేళ్లవంక చూసుకుంది. "అయితే నేను కదపలేదు," అంది.

"లేదు. రేపు విచారణలో ఇదే చెబుతాను. చట్టం నన్ను కాయకపోయినా సరే."

"మిమ్మల్ని క్షమించడం నావల్ల కాదు."

"అడగడానికి రాలేదు."

"విచారణ సంగతి రేపు." దర్జీ ఆవిడ లేచి, ఎడమచేత్తో తలుపు బార్లా తీసింది. "ముందు లోపలికి రండి. ఆ మాట మా ఇంట్లో చెప్పండి."

లోపల మంచం మీద పెద్దావిడ, కిటికీ దగ్గర పేపరు చూస్తూ మొగుడు. "ఎవరే?" అంది పెద్దావిడ.

చెప్పులు గుమ్మంలో విడిచి, గది మధ్యకి వెళ్లి నిలబడింది ఆమె.

"శిబిరంలో మీ కోడలికి సెలైను పెట్టిన నర్సునండీ. మీ కోడలు చెయ్యి కదపలేదు. నేనే అక్కడ లేను."