పుట్టమన్ను

నాగుల పంచమి నాడు ఆ ఇంటివాళ్లు రెండు ఉపన్యాసాలు విన్నారు. పుట్ట దగ్గర పంతులుగారిది, అన్నాల దగ్గర భానుచందర్‌ది. పంతులుగారే తొందరగా ముగించారు.

భానుచందర్ సారంగపాణికి తమ్ముడు. యూనివర్సిటీలో పాము విషం మీద పరిశోధన. గాయం విషమై రక్తానికి ఎక్కితే ఒళ్లు తనకు తానే మంట పెట్టుకుంటుందట. ఆ మంటను ఆర్పే ప్రొటీన్ పాము విషంలోనే దొరికిందట. చావాల్సిన ఎలుకలు లేచి తిరుగుతున్నాయట.

"గందుకే గదరా మనోళ్లు పుట్టమన్ను చెవులకు పెట్టుకునేది!" అన్నది తల్లి యాకమ్మ.

"ఒకరకంగ అంతేనే అవ్వా," అని నవ్వాడు భాను. ఏ రకంగా అని అడిగినవాళ్లు లేరు. కుడుములు వడ్డిస్తున్న పెద్దకోడలు తిరుమల కూడా అడగలేదు.

సారంగపాణిది స్టీలు సామాన్ల దుకాణం. గంగాళం అంచు తగిలి కాలు తెగింది. పైగా షుగరు. ఆ మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే, చెవులకు పెట్టగా మిగిలిన పుట్టమన్ను యాకమ్మ ఆ గాయానికి అద్ది గుడ్డ కట్టింది.

"వద్దత్తమ్మా, చీము పడ్తది."

"సైంటిస్టే చెప్పిండు. నీకేం ఎరుక?"

బీకాం చదివిన తిరుమల ఊరుకుంది.

వారం తిరక్కముందే కాలు ఉబ్బింది, జ్వరం ముదిరింది, మాట తడబడింది. హన్మకొండలో ఒక దవాఖానలో చేర్చారు.

"గాయానికి ఏమన్నా పెట్టిన్రా? ఆకు పసరు, మట్టి?" అని అడిగింది డాక్టరమ్మ.

తిరుమల నోరు తెరిచేలోపే భాను అందుకున్నాడు. "ఏం లేదు మేడం. జర పసుపు, అంతే."

బయటికొచ్చాక గొంతు తగ్గించాడు. "నా ఇంట్ల పుట్టమన్ను పెట్టిన్రంటే నవ్వుతరు వదినా. ఎట్లయినా మందులు అవే ఇస్తరు."

తెలిసినవాడు కదా అని నమ్మింది. బీపీ పడిపోయి, కిడ్నీలు మొరాయించేదాకా నమ్మింది.

"భానూ, నీ మందు తే. ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడత."

"అది మనుషులకు రావాల్నంటే ఏండ్లు పడ్తది వదినా. ఇంక ఎలుకల కాడనే ఉన్నం."

"ఎలుకల నసీబు మంచిగున్నది," అని లేచింది తిరుమల. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి పోయి పుట్టమన్ను సంగతి చెప్పేసింది.

డాక్టరమ్మ కేసు కాగితం ముందుకు లాక్కుంది. "వానాకాలం, షుగరు మనిషి... మట్టిల ఉండే క్రిములకు మందులే వేరమ్మా. వచ్చిననాడే చెప్పాల్సింది."

అప్పటికప్పుడు మందు మార్చారు. అది పనిచేసేదాకా సారంగపాణి ఆగలేదు.

పెద్దకర్మ నాడు బంతిలో కూర్చుని భాను చుట్టాలకు వివరిస్తున్నాడు. "నా మందు నాలుగేండ్లు ముందు తయారైతే అన్న దక్కేటోడు." చుట్టాలు నిట్టూర్చారు. యాకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తను అద్దిన మన్నే ప్రాణం తీసిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెరుగు గిన్నెతో తిరుమల మరిది విస్తరి ముందు వంగింది.

"మందు దాకా ఎందుకు భానూ? నువ్వు ఆనాడు నిజం చెప్తే దక్కేటోడు."

భాను ముందుగా తల్లి దిక్కు చూశాడు.

"ఏమంటాన్నవ్ బిడ్డా?" అన్నది చెవులు సరిగా వినబడని యాకమ్మ.

"పెరుగు పోయాల్నా అని అడుగుతాన్న అత్తమ్మా," అని తిరుమల గరిటె నిండుగా పోసింది.