పది ట్యూబుల పరీక్ష

అక్క రొమ్ములో గడ్డ ఉందని తేలి నలభై రోజులైంది. ఆపరేషన్ మాటెత్తితే ససేమిరా అంటోంది. చేతివైద్యుడు అరచేయి ఆనించి "కరిగిపోతోంది" అన్నాడట. ఇక ఆయన చెప్పిందే శాసనం.

ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే చెల్లెలు ఓపిక నశించి పందెం వేసింది.

"ఆయన చేతికి రోగం తెలుస్తుందంటావు కదా? పది ట్యూబుల రక్తం పెడతాను. ఐదు జబ్బు మనుషులవి, ఐదు ఆరోగ్యంగా ఉన్నవాళ్లవి. తొమ్మిది సరిగ్గా చెబితే నేను నోరు మూసుకుంటాను. లేదంటే నువ్వు ఆపరేషన్‌కి రావాలి. ఒట్టు?"

"ఒట్టు. ఓడిపోతావే, పిచ్చిదానా!"

ఆదివారం ఉదయం ల్యాబు ఖాళీగా ఉంది. ట్యూబులన్నిటికీ తెల్ల కాగితం చుట్టి, అంకెలు వేసి, జవాబుల చీటీని కవరులో పెట్టి అంటించింది చెల్లెలు. చేతివైద్యుడు ఒక్కో ట్యూబునూ గుప్పిట పట్టి కళ్లు మూసుకున్నాడు. "రోగం... లేదు... లేదు... రోగం..." అక్క భక్తిగా రాసిపెట్టింది.

ఆ కాగితం తీసుకుని చెల్లెలు కవరు చించింది. మొదటిది సరి. రెండోదీ సరి. చివరిదీ సరి.

పదికి పది.

మూడో ట్యూబు పట్టుకుని చూసింది. గోరువెచ్చగా ఉంది. నాలుగోది మంచుగడ్డలా ఉంది.

జబ్బు మనుషుల రక్తం నిన్నటిది, ఫ్రిజ్‌లోంచి తీసింది. మిగతాది ఇందాకే, రాత్రి డ్యూటీ దిగి వెళ్తున్న తోటి ఉద్యోగుల దగ్గర తీసింది. అన్నిటి వేడీ సమానమయ్యేదాకా బయట ఉంచాలన్న ఇంగితం తనకే లేకపోయింది. ఇప్పుడా సంగతి చెబితే, ఆడలేక మద్దెల ఓడంటున్నావని అక్క ఎగతాళి చేస్తుంది. మరో పరీక్షకు ఒప్పుకోదు. డాక్టరిచ్చిన గడువు వారమే.

"ఎన్నే? చెప్పవేం?"

"నాలుగు," అంది చెల్లెలు, రెండు కాగితాలూ నలిపి కోటు జేబులో కుక్కుకుంటూ. "పదిలో నాలుగే."

అక్క మొహం పాలిపోయింది. కాసేపు వైద్యుడి చేతులకేసి చూసి, బావకు ఫోన్ చేయడానికి వరండాలోకి వెళ్లింది.

"చల్లగా ఉన్నవి ఐదే కదమ్మా, ఫ్రిజ్‌లో దాచేది రోగుల రక్తమే," అన్నాడు వైద్యుడు నెమ్మదిగా. "నేను తప్పు చెప్పలేదు."

"అయితే వెళ్లి చెప్పండి, చల్లదనం చూసి చెప్పానని!"

"ఇంకేముంది, నా బతుకు బజారుపాలు." ఆయన తాపీగా చెప్పులేసుకున్నాడు. "నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. ముప్పై ఏళ్లుగా నేనూ ఇదే చేస్తున్నా. అంతా మనుషుల మేలుకే."

ఆమెకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆయన వెళ్లిపోయాడు.

అక్క తిరిగొచ్చి ఆమె చేయి పట్టుకుంది. "బుధవారం చేరతానని చెప్పేశానే. ఆ ట్యూబుల గొడవ నాకు ముక్క అర్థం కాలేదు. నువ్వు చెప్పావు గనక నమ్మాను. చిన్నప్పటి నుంచీ నా దగ్గర ఒక్క అబద్ధమైనా ఆడావా?"

"లేదక్కా," అంది చెల్లెలు.