సున్నం కేసు

మునస్వామి తన కళ్ళలో సున్నం కొట్టాడన్న మాటను గంగులప్ప చెరకు గడ తోసినప్పుడల్లా గానుగతో పాటు నములుతూనే ఉంటాడు. దాయాది. సొంత చిన్నాయన కొడుకు. ఈపాటికి చిత్తూరు జైల్లో కూర్చుని ఉండాల్సిన నాకొడుకు, ఇరాల అంగట్లో కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.

గానుగ తెల్లవారకముందే మొదలైంది. ఇనుప రోలర్లు గడను లాక్కుని చితగ్గొట్టి అవతలికి పిప్పి కక్కుతున్నాయి. ఇవతల చెరకుపాలు నురగతో తొట్టిలోకి కారుతున్నాయి. గంగులప్ప కణుపులను వేళ్ళతో తడుముకుంటూ గడ తోస్తాడు. చివరి కణుపు తగలగానే చెయ్యి వెనక్కి లాగుతాడు. ఎదురుగా ఏది చూడబోయినా నల్ల మచ్చ. దాని చుట్టూ పొయ్యి ఎగదోసినట్టు నిప్పురవ్వలు, కళ్ళు మూసుకున్నా ఆగవు. ఎండ కళ్ళలో పొడుస్తుంది. దీపాల వేళకు ఇక ఏమీ ఉండదు.

రెండేళ్ళ కిందట ఉమ్మడి బావి నీళ్ళ వంతు గురించి ఈ గానుగ దగ్గరే మాటా మాటా పెరిగింది. ముందు పార కర్రతో మునస్వామి వీపు చిట్లగొట్టింది గంగులప్పే. చెరకుపాల మడ్డి విరగ్గొట్టడానికి బెల్లం పెనం పక్కనుంచే సున్నం డబ్బా మునస్వామి చేతికి అందింది. పిడికెడు తీసి మొహాన కొట్టాడు. కళ్ళు ఎర్రబారి, నీరు కారి, కొన్నాళ్ళకు నెమ్మదించాయి. ఏడాది తిరిగాక ఈ నిప్పురవ్వలు మొదలయ్యాయి. ఇంకెవరి పని? చిత్తూరు కోర్టులో మునస్వామి మీద కేసు వేశాడు.

తిరుపతి కంటి డాక్టరమ్మ మాత్రం వేరే చెప్పింది. "సున్నం కాల్చితే కంటి పైపొర తెల్లబడుతుందయ్యా. నీది అద్దంలా ఉంది. దెబ్బ లోపలి తెరకు, అదీ రెండు కళ్ళకూ." ఛాతీకి ఎక్స్‌రే, ఆ తర్వాత ఏవేవో పరీక్షలు చేయించింది. ఊపిరితిత్తిలో గడ్డ. క్యాన్సరు. "ఆ గడ్డను చంపాలని నీ ఒళ్ళే ఆయుధాలు తయారు చేసింది. గడ్డలో ఉన్న పదార్థం కంటి తెరలోనూ ఉంటుంది. ఏది పగవాడిది, ఏది తనది తెలియక ఆ ఆయుధాలు కంటినీ నరుకుతున్నాయి. ముందు గడ్డకు వైద్యం చేయించుకో. పోయిన చూపు రాకపోయినా ఉన్నది నిలవొచ్చు."

గంగులప్ప అంతా విని, "మునస్వామి నీకెంత ఇచ్చినాడు తల్లీ?" అని అడిగాడు.

బావి కింది మడి అమ్మి ఆ వైద్యమేదో చేయించుకోమని భార్య చౌడేశ్వరమ్మ కాళ్ళు పట్టుకుంది. ఆమెను తన్ని, మడి అమ్మి, డబ్బంతా చిత్తూరు వకీలు చేతిలో పోశాడు. చూపు పూర్తిగా ఆరిపోయేలోపు మునస్వామి బోనులో నిలబడటం చూడాలి. చూసి చావాలి.

బావిలాగే గానుగా ఉమ్మడిదే. పొద్దు నడినెత్తికి ఎక్కే వేళకు మునస్వామి తన వంతుకు చెరకు బండి తోలుకొచ్చాడు.

"ఏందన్నా, గడ తోస్తా ఉండావా, చెయ్యి తోస్తా ఉండావా?" అన్నాడు బండి దిగుతూ. "చెయ్యి పడితే పాలు ఎర్రగా వస్తాయప్పా. ఆ బెల్లం ఎవురూ కొనరు."

"నీ గొంతు కోసి పడేస్తే ఇంకా ఎర్రగా వస్తాయిలే."

"యాడుండాదో కనపడితే గదా కోసేది."

పిప్పి ఎండబెడుతున్న చౌడేశ్వరమ్మ పరుగున వచ్చింది. "మునసామీ, నోరు మూసుకోని పో. ఆయప్పకు ఒళ్ళు బాగలేదు."

"బాగలేకనేనా వదినా, వాయిదా వాయిదాకూ నన్ను చిత్తూరికి తిప్పతా ఉండాడు?"

గంగులప్ప చెరకు నరికే మచ్చుకత్తి అందుకున్నాడు. ఎదుట నల్ల మచ్చ. దాని అంచున ఏదో కదిలింది. గొంతు వచ్చిన వైపుకు కత్తిని పైనుంచి బలంగా దించాడు. అది మాంసంలో దిగి ఎముకకు కొట్టుకుని ఆగింది. ఆ అదురు మోచేతి దాకా పాకింది. రెండేళ్ళుగా కాచుకున్న అదురు.

"తగిలిందా రా?" అన్నాడు.

"తగిలింది," అంది చౌడేశ్వరమ్మ.

అడ్డం చాచిన ఆమె ముంజేయి ఎముక దాకా తెగింది. మునస్వామి తలగుడ్డ విప్పి బిగించి కట్టాడు. ఆమెను చెరకు మీదే పడుకోబెట్టి, ఎద్దులను ఇరాల ఆసుపత్రి వైపు బాదుకుంటూ తోలాడు. బండి కదులుతుండగా ఆమె పెనం కాడ ఉన్నవాళ్ళతో, "ఆయప్పకు సంకటి మూతేసి ఉండాది. ఎవురన్నా పెట్టండప్పా," అంది.

గంగులప్ప పిప్పి కుప్ప మీద కూలబడ్డాడు. దగ్గు వచ్చింది, రోజూ వచ్చేదే. నోటి వెంట వెచ్చగా కారింది. తుడుచుకున్నాడు. మళ్ళీ కారింది, ఈసారి ఆగలేదు. మెల్లగా పక్కకు ఒరిగాడు. ఆ మొహం పిప్పిలోకి తిరిగి ఉండటంతో గానుగవాళ్ళకు ఏమీ కనపడలేదు. అలిగి పడుకున్నాడనుకుని సంకటి గిన్నె పక్కన పెట్టి పోయారు. పొద్దు వాలాక, చేతికి కుట్లు వేయించుకుని వచ్చిన చౌడేశ్వరమ్మ లేపబోయింది.

కొడుకులు లేరు. కొరివి కుండ మునస్వామే పట్టుకున్నాడు. సగం దారిలో పాడె దించి, ప్రాణం ఏ మూలైనా ఉందేమోనని చచ్చినవాడి చెవిలో మూడుసార్లు పిలవడం ఆచారం. బావి కింది మడి దగ్గర దించారు. మునస్వామి మోకాళ్ళ మీద వంగి, "అన్నా," అన్నాడు. మళ్ళీ, "అన్నా," అన్నాడు. మూడోసారి చెవికి నోరు ఆనేంతగా వంగాడు.

"నేనే చేసినాలే. కోర్టులో ఒప్పుకుంటా. లెయ్."

కాసేపు చూసి పాడె ఎత్తారు. వాళ్ళు వెళ్ళిపోయాక గెనిమ గట్టు మీద, మడి కొన్నవాడు పీకి పారేసిన హద్దురాయి ఒక్కటే వెల్లకిలా పడి ఉంది. అది ఇన్నేళ్ళూ కాపలా కాసింది నలభై మూడు సెంట్ల నేలకు.