మెమో ఎరుగని మనిషి చేసిన బాణాలు

ముప్పై రెండేళ్లు నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా చేసి, ఒక్క మెమో కూడా పుచ్చుకోకుండా రిటైరైన మనిషి ఉమామహేశ్వరరావు గారు. ఈ సంగతి ఆయన గొప్పకి చెప్పుకోరు. ఎవరూ అడక్కుండా మామూలుగా చెబుతారంతే. అమెరికాలో, హెర్న్‌డన్‌లో కూతురు విజయశ్రీ ఇంటికి వచ్చిన నెలన్నరలో ఆ వీధిలో తెలుగు వచ్చినవాళ్లకి ఒకసారి, రానివాళ్లకి రెండుసార్లు చెప్పారు.

అలాంటి మనిషి మనవరాలికి బాణాలు చేసిస్తానని మాట ఇచ్చారు. ఎనిమిదేళ్ల అనికకి పుట్టినరోజుకి విల్లు కొన్నారు. దానితో వచ్చిన మూడు ప్లాస్టిక్ బాణాల్లో రెండు వారం తిరక్కుండా విరిగాయి, మూడోది ఇంటికప్పు మీద వాననీటి కాలువలో ఇరుక్కుంది. "ఈ ప్లాస్టిక్ సరుకేమిటే? నేను కర్రతో చేసిస్తాను, నీ పెళ్లి దాకా ఉంటాయి" అన్నారు తాతగారు. అనిక ఆ మాట పట్టుకెళ్లి వీధి చివరింటి దియకి చెప్పింది, దియ మిగతావాళ్లకి చెప్పింది. శనివారం నాలుగింటికి అందరూ వీళ్ల పెరట్లో చేరి తాత చేసిన బాణాలు చూడాలని ఏర్పాటైపోయింది.

సామాన్ల దుకాణంలో సన్న గుండ్రటి కర్రలు కట్టలుకట్టలుగా ఉన్నాయి. తాతగారు వాటిని నేల మీద ఒక్కొక్కటే దొర్లించడం మొదలుపెట్టారు. వంకరున్న కర్ర దొర్లుతూ గెంతుతుంది, తిన్ననిది చప్పుడు చెయ్యకుండా పోతుంది. అరగంటలో నలభై కర్రలకి పరీక్ష పెడితే మూడు నెగ్గాయి. దుకాణం కుర్రాడు రెండుసార్లు వచ్చి సాయం కావాలా అని అడిగి, మూడోసారి తనూ మోకాళ్ల మీద కూర్చుని దొర్లించాడు.

ఇంటికొచ్చాక గరుకు కాగితంతో కర్రలు నున్నగా తోమారు. ఒక కొసన నారి పట్టడానికి గాడి కోశారు. ఎవరికీ దెబ్బ తగలకుండా రెండో కొసన పెన్సిలు వెనక తొడిగే రబ్బర్లు తొడిగి జిగురు పెట్టారు. ఇక మిగిలింది ఈకలు. బాణానికి మూడు ఈకలు కావాలి, మూడూ ఒకేవైపు రెక్కవి అయుండాలి, లేకపోతే వంపులు కలవక బాణం తడబడుతుంది. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే చెరువు గట్టు మీద పెద్ద పెద్ద బాతులు ఎన్ని ఈకలు రాల్చాయో లెక్కలేదు. నాలుగు రోజులు ఏరి, కుడి ఎడమలు వేరుచేసి, తొమ్మిది ఈకలు అతికించారు. గురువారం సాయంత్రానికి బాణాలు చూడముచ్చటగా తయారయ్యాయి.

శుక్రవారం పొద్దున వాకింగ్‌లో దామోదర్ గారికి వాటిని చూపించడమే ఆయన చేసిన పొరపాటు. దామోదర్ గారు వరంగల్ కోర్టులో సూపరింటెండెంట్‌గా చేసి, కొడుకు దగ్గరికి వచ్చినప్పటినుంచీ అమెరికా చట్టాలన్నీ ఫోన్‌లో చదివేస్తున్న మనిషి.

"రావు సాబ్, గీ ఈకలు యాడివి?"

"ఈ చెరువువే."

దామోదర్ గారు ఒకసారి అటూ ఇటూ చూశారు. "వలసపక్షులు సార్ అవి. కింద పడ్డ ఈక ఇంట్ల పెట్టుకున్నా ఫెడరల్ కేసు. మీరు విజిటర్ వీసా మీదున్నరు. నేను ఏం చూడలే."

 వచ్చేసారి ఎయిర్‌పోర్టులో ఆఫీసరు కంప్యూటర్‌లోకి చూసి, బాతు ఈకల కేసు ముద్దాయి మీరేనా అని అడుగుతున్నట్టు తాతగారి కళ్లకి కట్టింది. అక్కడే బెంచీ మీద కూర్చుని తొమ్మిది ఈకలూ పీకి, ఎక్కడివక్కడ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టారు. తన చోటులోకి ఈయన ఎందుకొచ్చాడో అర్థంకాని ఒక బాతు మెడ సాచి బుస కొడుతూ పార్కింగ్ దాకా తరిమింది.

ఇంటికొచ్చి బాణాలు మళ్లీ తిప్పి తిప్పి చూశారు. జిగురులో ఇంకా ఈకపీచు ఆనవాళ్లున్నాయి. స్కూలు నుంచి వచ్చిన అనికని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"చూడమ్మా, రేపు ఎవరైనా అడిగితే ఇవి తాత చేశాడని చెప్పకు. ఆన్‌లైన్‌లో కొన్నామను."

"బట్ నువ్వే చేశావ్ కదా."

"చేశాననుకో. అయినా చెప్పకూడదు."

"నేను అందరికీ చెప్పా తాతా. ఇప్పుడు నేను లయ్యర్ అవుతా, అబద్ధాలు చెప్పేదాన్ని." అనిక బాణాలు పక్కకి నెట్టింది. "నాకు వద్దు ఇవి. దియకి రావద్దని చెప్తా." విల్లు చెప్పుల స్టాండు మీద పెట్టేసి పైకి వెళ్లిపోయింది.

వంటగదిలోంచి ఆయన భార్య కోటమ్మ గారు అంతా విన్నారు. "మిమ్మల్ని బాతు తరిమితే మీరొచ్చి పిల్లని తరిమారు" అన్నారు. "ముప్పై రెండేళ్లూ మెమో రాలేదంటారుగా. ఇందాక దాని మొహం చూశారా? అదే మెమో."

 తాతగారికి చాలా సిగ్గేసింది. మెమో లేని సర్వీసు గురించి ఇన్నేళ్లు చెప్పుకుని, చివరికి చేతులారా చేసిన పనిని తనది కాదనమని ఎనిమిదేళ్ల పిల్లకి నేర్పారు.

శనివారం పొద్దున అనికని బతిమాలి దియని రమ్మనిపించారు. ఈకల్లేని బాణం ఒకటి వేసి చూస్తే తాగినవాడిలా ఊగిపోయి పక్కకి పడింది. గట్టిగా, పల్చగా, వంగినా మళ్లీ తిన్నగా నిలిచేది ఏదైనా కావాలి. ఇల్లంతా వెతికారు. అలాంటిది ఇంట్లో ఒక్కటే ఉంది. పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు, వీసా కాగితాలు పెట్టుకునే నీలం ప్లాస్టిక్ ఫైలు. విమానంలో తలకింద పెట్టుకుని పడుకున్న ఫైలది. వెనక అట్ట మీద కోటమ్మ గారు ఎప్పుడో వేడి గిన్నె పెట్టడంతో అది వంకరపోయింది. ముందు అట్టే తిన్నగా ఉంది. దాని మీద ఎక్కడ పోయినా తిరిగొచ్చేలా ఆయన పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఉంది.

ఆయన కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, ఫైలు భార్యకి అందించారు. "కొయ్యి" అన్నారు.

జాకెట్లు కత్తిరించిన చెయ్యి కదా, కోటమ్మ గారు గీత గీయకుండానే తొమ్మిది ముక్కలు కోశారు. పేరు సరిగ్గా మూడు ముక్కలై, బాణానికొకటి చొప్పున ఎక్కింది.

నాలుగింటికి పిల్లలు చేరారు. అనిక వేసిన మొదటి బాణం అట్టపెట్టె మధ్యలో తగిలింది. రెండోదీ తగిలింది. మూడోది ఉత్సాహం ఎక్కువై పెట్టెనీ కంచెనీ దాటి పక్కింట్లో పడింది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పలకరించని పక్కింటాయన, మెడ దాకా పచ్చబొట్లతో, బాణం పట్టుకుని గేటు తెరుచుకుని వచ్చాడు. పిల్లలు వెనక్కి జరిగారు.

"నా టమాటా మొక్కల్లో పడింది. ఎవరు చేశారిది? మహేశ్వర ఎవరు?" అన్నాడు ఇంగ్లీషులో.

అనిక తాత వైపు చూసింది. నిన్నటి మాట గుర్తొచ్చినట్టుంది. "వీ బాట్ ఇట్..." అని, కొన్నామని చెప్పబోయింది.

ఉమామహేశ్వరరావు గారు పిల్ల ముందుకొచ్చి, చీఫ్ ఇంజినీరు ఎదుట నిలబడ్డట్టు నిలబడ్డారు. "సర్, అయామ్ ద మేకర్. ఉమా ఈజ్ ఆన్ దట్ యారో. రావు ఈజ్ ఆన్ దిస్ యారో. మహేశ్వర ఈజ్ మై మిడిల్. ప్లీజ్ రిటర్న్."

పక్కింటాయన ఒక కన్ను మూసి బాణాన్ని కొస నుంచి కొసకి చూశాడు. "చాలా తిన్నగా ఉంది" అని అనిక చేతికిచ్చి వెళ్లిపోయాడు.

"మా తాత చేశాడు" అంది అనిక. అక్కడున్నవాళ్లందరికీ ఒకసారి చెప్పింది, దియకి మాత్రం రెండుసార్లు.